బిషప్పు, ప్రీస్టు, డీకను: కొన్ని ఇంగ్లీషు మాటల గ్రీకు పుట్టుక

ఆదవాని, ఎమ్మిగనూరు సీమలో క్రైస్తవ కుటుంబములున్న గ్రామములు పెక్కు గలవు. అట్టి గ్రామములలోని పెద్దలు ఏ మతమువారైనను చర్చి, బిషప్పు, ప్రీస్టు, డీకను అను మాటలను వినియే యుందురు. దొరలతోపాటు వచ్చినవి గనుక అవి ఇంగ్లీషు మాటలని తలచుట సహజము. కాని యీ నాలుగును ఇంగ్లీషువారికి సైతము ఎరువుసొమ్ములే. వాని పుట్టినిల్లు గ్రీసు. పుట్టినింట వాని కే యర్థముండెను, మెట్టినింట ఆ యర్థ మెట్లు మారెను, ఆ మార్పు మన రాయలసీమలో నెట్టి చిక్కులు తెచ్చెను అనునది నేటి ప్రసంగ విషయము.

గ్రీకు భాషకును మనకును ఏ చుట్టరికమును లేదని కొందరు తలంతురు. అది సరి కాదు. పంచాంగము చూచువారు దినమును హోరలుగా విభజింతురు. జాతకచక్రమున కేంద్రములు గుణింతురు. అంశలో అరువదవ పాలును లిప్త యందురు. హోర, కేంద్రము, లిప్త, ఈ మూడును మన జ్యోతిష్కులు గ్రీకులనుండి గ్రహించి సంస్కృతము చేసికొన్న మాటలు. శాసనములలో కానవచ్చు ద్రమ్మము అను నాణెము పేరు గ్రీకుల ద్రఖ్మయే. మనము గ్రహములను లెక్కించుటకు వారి మాటలు పుచ్చుకొంటిమి. ఇంగ్లీషువారు మతపెద్దలను పిలుచుటకు పుచ్చుకొనిరి. ఇచ్చిపుచ్చుకొనుటలో భాషలకు మానావమానములు లేవు.

యేసుక్రీస్తు మాటలాడిన భాష అరమేయము. అయినను ఆయన శిష్యుల పత్రికలును, ఆయన చరిత్రలును గ్రీకు భాషలో వ్రాయబడినవి. ఏలయన ఆ దినములలో మధ్యధరా సముద్రపు తూర్పు తీరమంతట, రేవులలోను సంతలలోను, నలుగురికిని తెలిసిన భాష అదియే. ఆ మొదటి విశ్వాసులు తమ వ్యవహారములకు క్రొత్తగా మాటలు కల్పింపలేదు. ఇంటిలోను, వీధిలోను, పట్టణపు కచేరిలోను వాడుకలో నున్న మాటలనే తీసికొనిరి. ఈ సంగతి గుర్తుంచుకొన్నచో తక్కినదంతయు సుబోధమగును.

మొదట చర్చి అను మాటనే చూతము. గ్రీకులో క్యూరియోస్ అనగా ప్రభువు, స్వామి. క్యూరియకోన్ అనగా ‘స్వామివారిది’. దేవుని గుడికి ఈ పేరు వచ్చెను. అది ఉత్తరదేశపు జర్మను జాతుల నోళ్ళలో నలిగి, పాత ఇంగ్లీషులో చిరిచే యై, తుదకు చర్చి యయ్యెను. అయితే క్రొత్త నిబంధనలో విశ్వాసుల సమూహమునకు వాడిన మాట ఇది కాదు, ఎక్లీసియా. గ్రీకు పట్టణములలో పౌరులను పిలిపించి కూర్చిన సభకు ఆ పేరు. పోర్చుగీసువారి ఇగ్రేజా, ఫ్రెంచివారి ఎగ్లీజ్ దీని బిడ్డలే. తెలుగు బైబిలును కూర్చిన పండితులు ఎక్లీసియాను సంఘము అని తెనిగించిరి. ఇందువలన మన పల్లెలలో ఒక చక్కని భేదము నిలిచినది. కట్టడమును చర్చి యందురు; మనుష్యులను సంఘ మందురు. ఇంగ్లీషువారికి రెంటికిని ఒకటే మాట. ఈ విషయమున మన వాడుకయే మేలైనదని నా యభిప్రాయము.

ఇక పదవులకు వత్తము. గ్రీకులో ప్రెస్బ్యుటెరోస్ అనగా వయసున పెద్దవాడు. అంతకు మించి దానిలో రహస్య మేమియు లేదు. ఊరిలో రచ్చకట్టమీద కూర్చుండి తగవులు తీర్చు పెద్దలను మన మేమందుమో, వారును అదియే యనిరి. యూదుల ఊరూర అట్టి పెద్దలుండిరి. క్రైస్తవులు ఆ యేర్పాటునే అనుసరించిరి. తెలుగు బైబిలులో ఈ మాటకు ‘పెద్ద’ యనియే యున్నది. ఇంతకంటె సరియైన అనువాదము మరొకటి దొరకదు.

రెండవ మాట ఎపిస్కోపోస్. ఎపి యనగా పైన; స్కోపోస్ అనగా చూచువాడు. పైనుండి చూచువాడు, అనగా తనిఖీ చేయువాడు. క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దమున ఏథెన్సు నగరమువారు తమకు లోబడిన పట్టణములను కనిపెట్టుటకు పంపిన అధికారులకు ఈ పేరే యుండెను. అది దైవసంబంధమైన పేరు కాదు. నేటి తాలూకా కచేరి బంట్రోతునకు సైతము అర్థము కాదగిన పేరు. దీనికి తెలుగు బైబిలువారు అధ్యక్షుడు అను మాటను ఎన్నుకొనిరి. అధి యనగా పైన, అక్ష మనగా కన్ను. గ్రీకు మాటకును సంస్కృతపు మాటకును కట్టుబడి ఒక్కటే. కౌటిల్యుని అర్థశాస్త్రములో రెండవ అధికరణమంతయు ఇట్టి అధ్యక్షుల విధులనే చెప్పుచున్నది. వారిలో సూత్రాధ్యక్షుడని యొకడు గలడు. నూలు వడికించుట, బట్ట నేయించుట, కూలి లెక్కించి ఇచ్చుట అతని పని. మగ్గముల ఊరైన ఎమ్మిగనూరువారికి ఈ పేరు ప్రత్యేకముగా రుచించును. 1938లో మాచాని సోమప్పగారు స్థాపించిన అచ్చటి చేనేతపనివారి సహకార సంఘమును తలచుకొనుడు. అదియు సంఘమే, దానికిని అధ్యక్షుడను పదవి కలదు. బైబిలును తెనిగించినవారును, సహకారోద్యమమువారును ఒకే గాదెనుండి గింజలు తీసిరి.

ఇచ్చట ఒక ముఖ్యమైన సంగతి యున్నది. అపొస్తలుల కార్యములు అను గ్రంథములో, 20వ అధ్యాయమున, పౌలు మిలేతు రేవునకు ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించెను. వారిని పిలిపించినప్పుడు గ్రంథకర్త ప్రెస్బ్యుటెరోస్ అను మాట వాడెను. కొంతసేపటికి పౌలు ఆ మనుష్యులనే సంబోధించుచు, మీరు మందకు ఎపిస్కోపోసులు అనెను. అనగా ఆ కాలమున ఆ రెండును ఒకే మనుష్యులకు రెండు పేర్లు: వయసును బట్టి పెద్ద, పనిని బట్టి అధ్యక్షుడు. రెండవ శతాబ్దపు తొలినాళ్ళలో అంతియొకయ ఇగ్నాతియస్ వ్రాసిన లేఖలనాటికి ఈ స్థితి మారినది. ఆ లేఖలలో ఒక పట్టణమునకు ఒక్కడే ఎపిస్కోపోస్. అతని క్రింద పెద్దలు. వారి క్రింద పరిచారకులు. పలువురికి చెల్లిన పేరు ఒక్కని సొత్తయ్యెను.

పేర్లు ఉత్తరమునకు ప్రయాణము చేసినకొలది అరిగిపోయెను. ఎపిస్కోపోస్ లాటినులో ఎపిస్కోపుస్, మొదటి అక్షరము రాలిపోయి పాత ఇంగ్లీషులో బిషొప్, నేడు బిషప్. ప్రెస్బ్యుటెరోస్ లాటినులో ప్రెస్బితెర్, పాత ఇంగ్లీషులో ప్రెఓస్ట్, నేడు ప్రీస్టు. రూపాయి చేతులు మారిన కొలది ముఖము చెరగిపోవునట్లు, మాటలును నోళ్ళు మారినకొలది పోలిక తెలియకుండ పోవును.

పోలిక చెరగుట పెద్ద నష్టము కాదు. అర్థము తారుమారగుట నష్టము. గ్రీకులో బలి యర్పించు పూజారికి వేరొక మాట కలదు: హిఎరెవుస్. క్రొత్త నిబంధనలో సంఘపు పెద్దల కెవ్వరికిని ఆ మాట వాడబడలేదు. కాలక్రమమున సంఘపు పెద్ద బల్లయొద్ద నిలిచి బలిపూజ జరుపువాడుగా ఎంచబడుటచేత, పెద్ద యను అర్థముగల ప్రీస్టు అను పేరే ఇంగ్లీషులో పూజారికిని వచ్చినది. తెలుగు బైబిలు చూచినచో యెరూషలేము దేవాలయములో బలి యిచ్చువాడు యాజకుడు. సంఘములో నాయకుడు పెద్ద. మాటలు రెండు, మనుష్యులు ఇరువురు. ఇంగ్లీషు పాఠకునికి ఈ యెడము అంత సుళువుగా గోచరింపదు.

ఇది పండితుల వినోదము కాదు. దీనికై ప్రాణములు పోయినవి. 1526లో విలియం టిండేలు క్రొత్త నిబంధనను గ్రీకునుండి ఇంగ్లీషులోనికి తెచ్చి అచ్చువేయించినప్పుడు, చర్చి అనవలసిన చోట ‘సమాజము’ అను అర్థముగల మాటను, ప్రీస్టు అనవలసిన చోట ‘వయోవృద్ధుడు’ అను అర్థముగల మాటను వాడెను. 1529లో సర్ తామస్ మోరు ఇందుకే అతనిపై తీవ్రముగా విరుచుకొనిపడెను. ఒక మాట మార్చుటచే గురువుల యధికారమంతయు కూలునని మోరు భయము. ఆ భయము నిరాధారము కాదు. పూజారికి ఎదురు చెప్పుట కష్టము, ఊరిపెద్దను అడుగవచ్చును. 1536లో టిండేలును బ్రస్సెల్సు సమీపమున ఉరిబిగించి చంపి, కళేబరమును కాల్చిరి. 1611 నాటి బైబిలు అనువాదమునకు పూనుకొన్న పండితులకు జేమ్సు రాజు పక్షమున విధించిన నియమములలో, చర్చి మొదలగు పాత మాటలను మార్చరాదని యొకటి యుండెను. ఆ పండితులు మిలేతు ఘట్టములో ఎపిస్కోపోసును ‘పైవిచారణ చేయువారు’ అని అర్థానుసారముగా వ్రాసి, ఫిలిప్పీయుల పత్రికలో అదే మాటను బిషపులు అని వ్రాసిరి. తెలుగు బైబిలు రెండు చోట్లను అధ్యక్షులనియే చెప్పుచున్నది. రాజాజ్ఞ లేని అనువాదమునకు ఈ మాత్రపు సౌఖ్యము కలదు.

ఇప్పుడు మన సీమకు వత్తము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మేర్పడు దినమువరకు ఆదవాని బళ్ళారి జిల్లాలోనిది. బళ్ళారికి లండన్ మిషనువారి పక్షమున జాన్ హ్యాండ్సు 1810లో వచ్చెను. ఆ మిషను 1795లో స్థాపితము; దానిలో పలువురు బిషపులను అంగీకరింపని శాఖకు చెందినవారు. వారి సంఘములలో ప్రతి సంఘమును తన వ్యవహారములు తానే చక్కబెట్టుకొనును. పరిచారకులను, అనగా డీకనులను, సంఘస్థులే ఎన్నుకొందురు. అదే కాలమున నంద్యాల ప్రాంతమున 1701లో పుట్టిన ఎస్.పి.జి. అను ఆంగ్లికను మిషను పని వ్యాపించెను. వారికి బిషప్పు లేనిదే సంఘము లేదు. వారి డీకను ఎన్నికైన గృహస్థు కాడు. ప్రీస్టు కాబోవువాడెక్కు మొదటి మెట్టు. ఇట్లు ఒక్క రాయలసీమలోనే, ఒక్క గ్రీకు మాటకు రెండు భిన్నమైన అర్థములు ప్రక్కప్రక్కన చెల్లుచుండెను. ఇరుపక్షములవారును సంతలో కలిసికొని డీకనుగారి యోగక్షేమము లడిగికొన్నచో, ఒకరు తలచినది ఒకడు, మరొకరు తలచినది మరొకడు.

ఈ శాఖలను ఏకము చేయవలయునని 1919లో తరంగంబాడిలో భారతీయ బోధకులు కూడి యాలోచించిరి. వారిలో ముఖ్యుడు వి. యస్. అజరయ్యగారు, 1912లో డోర్నకలు అధ్యక్షునిగా అభిషిక్తులై, ఆంగ్లికను సంఘమున బిషప్పైన తొలి భారతీయుడైనవారు. ఆలోచన 28 ఏండ్లు సాగెను. కారణము మరేమియు లేదు; ఎపిస్కోపోస్, ప్రెస్బ్యుటెరోస్ అను రెండు మాటల నడుమ నున్న యెడమే. బిషప్పు హస్తనిక్షేపణము లేకుండ నియమితుడైన పెద్ద నిజమైన గురువు అగునా కాడా అను ప్రశ్నయొద్ద మాట తెగలేదు. అజరయ్యగారు 1945 జనవరి 1న కాలధర్మము చెందిరి, ఐక్యతను చూడలేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడెను. వారు చేసిన రాజీ గమనింపదగినది. బిషప్పు పదవిని అందరును అంగీకరించిరి. కాని బిషప్పు రాజ్యాంగమునకు లోబడి, సంఘముచే ఎన్నుకొనబడినవాడై యుండవలయును. గురువునకు ప్రీస్టు అను పేరు వదలి, గ్రీకు రూపమునకు దగ్గరదైన ప్రెస్బిటరు అను పేరు పెట్టిరి. 400 సంవత్సరముల క్రిందట టిండేలు దేనికై పోరాడెనో, ఆ ‘పెద్ద’ మరల తన పేరు తాను దక్కించుకొనెను. లండన్ మిషను సంఘములనుండి వచ్చిన హోస్పేట సుమిత్రగారు ఆ తొలి బిషపులలో ఒకరు. తరువాత రాయలసీమ అధ్యక్షమండలమునకు బిషప్పుగాను, దక్షిణ ఇండియా సంఘమునకు మాడరేటరుగాను ఉండిరి. బిషపులే వలదన్న శాఖనుండి వచ్చి బిషప్పగుట సామాన్యమైన మార్పు కాదు.

అయితే నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు అధికసంఖ్యాకులు ఆ ఐక్యతలో చేరక విడిగా నిలిచిరి. పూర్వము బిషప్పు హస్తము తగులని బోధకులను తమ గురువులతో సమానముగా ఎంచుటకు వారి మనస్సాక్షి యొప్పుకొనలేదు. వారిని మూఢులని నిందించినవారు కలరు. అది న్యాయము కాదు. ఏ నాడో తమ తాతలకు నేర్పిన పాఠమునే వారు నమ్మిరి. ఆ పాఠము నేర్పినవారు తరువాత మనసు మార్చుకొనిరి, శిష్యులు మార్చుకొనలేదు. రెండు దశాబ్దములు గడచిన పిదప గాని నంద్యాల దక్షిణ ఇండియా సంఘములో చేరలేదు.

కతోలికుల వాడుక వేరు. దానిలో మన దేశపు వాసన మెండు. బిషప్పును వారు పీఠాధిపతి యందురు. ఈ మాట మంత్రాలయము ప్రక్కనున్న మనకు క్రొత్త కాదు. 1671లో శ్రీ రాఘవేంద్రస్వాములవారు బృందావనస్థులైన మంచాల గ్రామమును ఆదవాని పాలకుడైన సిద్ది మసూద్ ఖాన్ ఇచ్చెనని మఠసంప్రదాయము. అచ్చటి మఠాధిపతులకు పీఠాధిపతులను వ్యవహారము కలదు. విచిత్ర మేమనగా, కతోలికులు ఈ మాటను తీసికొనుటలో గ్రీకు మూలమునకు సరిగా వచ్చి చేరిరి. కథెద్ర యనగా గ్రీకులో కూర్చుండు పీఠము. బిషప్పు పీఠమున్న గుడి గనుక ఇంగ్లీషులో కెతీడ్రల్. పీఠములేని గుడి ఎంత పెద్దదైనను కెతీడ్రల్ కాదు. 1967లో కర్నూలు కతోలిక మేత్రాసన మేర్పడెను. 2008 నుండి 2020 వరకు దానికి పీఠాధిపతిగా నున్న పూల ఆంతోనిగారు 2022లో కార్డినలైరి. తెలుగువారిలో ఆ పదవి నందిన మొదటివారు వారే. కార్డినలు మాత్రము గ్రీకు కాదు. లాటినులో తలుపు తిరుగు కీలునకు కార్దో యని పేరు.

తక్కిన మాటలను త్వరగా చూతము. బిషప్పు ఏలుబడికి డయాసిస్ అని పేరు. గ్రీకులో ఇంటి సంసారము చక్కబెట్టుట అని యర్థము. ఒక గురువు విచారించు ప్రాంతమునకు పారిష్ అని పేరు. గ్రీకులో పరోయికియా యనగా పరాయిచోట పొరుగున కాపురముండుట. ఈ లోకమున తాము కొన్నాళ్ళ కాపురమువారమని మొదటి క్రైస్తవుల భావము. కోసిగి, కౌతాళము, పెద్దకడుబూరు ప్రక్కనుండి ఏటేట ఇల్లు తాళమువేసి గుంటూరు సీమకు సుగ్గికి పోవు కుటుంబములకు ఈ మాట నేను వివరింపనక్కర లేదు. ఉపదేశిని ఇంగ్లీషులో కేటకిస్టు అందురు; గ్రీకులో చెవిలో మ్రోగునట్లు చెప్పుట అని మూలార్థము. మన గురువులు మంత్రోపదేశము చేయునదియు చెవిలోనే కదా.

కచేరి గుమాస్తాను క్లర్కు అందుము. ఇదియు మతపదవియే యని చెప్పిన నవ్వు వచ్చును. గ్రీకులో క్లేరోస్ అనగా చీటివేసి పంచిన వంతు, భూమి భాగము. దేవుని వంతునకు వచ్చినవారని గురువర్గమునకు క్లెర్జీ అని పేరు కలిగెను. యూరపులో చాలకాలము చదువను వ్రాయను నేర్చినవారు వారే యగుటచే, వ్రాయువా డెవ్వడైనను క్లర్కు అయ్యెను. ఆదవాని కచేరిలో భూమి వంతుల లెక్కలు వ్రాయు గుమాస్తా, తనకు తెలియకయే, తన పదవిపేరులో ఆ వంతును మోయుచున్నాడు.

డీకను మాటను కడపటికి ఉంచితిని. గ్రీకులో దియాకోనోస్ అనగా పరిచారకుడు. భోజనమునొద్ద వడ్డన చేయువాడు. యెరూషలేములో దినదినము అన్నము పంచునపుడు, గ్రీకు మాటలాడు కుటుంబముల విధవరాండ్రకు సరిగా అందుటలేదని సణుగు పుట్టెను. పంపకములో పక్షపాతమను ఫిర్యాదు ఎంత పాతదో చూడుడు. అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచి, వడ్డన భారము వారికి అప్పగించిరి. ఆ ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయము జరిగెనో వారివారికే గరిటె చేతికిచ్చిరన్నమాట. డీకను పదవికి మూలము ఇదియని సంఘములు చెప్పుకొనును.

రోమీయుల పత్రికలో కెంక్రేయ సంఘమునకు చెందిన ఫీబే యను నొక స్త్రీకి పౌలు ఈ మాటనే వాడినాడు. 1611 నాటి ఇంగ్లీషు పండితులు పురుషులకు వాడిన చోట డీకనులని వ్రాసి, ఫీబేకు మాత్రము సేవకురాలని వ్రాసిరి. తెలుగులో పురుషులు పరిచారకులు, ఫీబే పరిచారకురాలు, మాట ఒక్కటియే. అయినను తెలుగు సంఘములలో స్త్రీలకు ఆ పదవులు దక్కుటకు చాలకాలము పట్టెను. 2013 సెప్టెంబరు 30న ఎగ్గోని పుష్పలలితగారు బిషప్పుగా అభిషిక్తులైరి. దక్షిణ ఇండియా సంఘమున బిషప్పైన మొదటి స్త్రీ వారే. వారు కూర్చున్న పీఠము నంద్యాలది. ఎవరి హస్తము ఎవరి తలపై నుంచవలయునను ప్రశ్నకై 1947లో విడిగా నిలిచిన ఆ నంద్యాలయే.